నీళ్ళ సారు పలికిన పేరు

నిన్న రియాద్‌లో, బతా పేటలోని మా గదిలో కూర్చుని అట్టపెట్టె కడుతున్నాను. గోధుమరంగు టేపు చుట్ట పట్టి లాగితే పాత బట్ట చింపినట్టు చర్రుమని చప్పుడు వస్తుంది. సౌదీలో బతికినవాడికి ఆ చప్పుడు పండగలాంటిది. గదిలో ఒకడు టేపు లాగాడంటే ఇంటికి పోతున్నాడని అర్థం. పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి మోకాలు పెట్టి పెట్టెను అదుముతారు, తాడు బిగిస్తారు, మార్కర్‌తో దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా రాస్తారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే అరచేతులు చల్లబడతాయి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ చలి పోలేదు. టేపు పక్కన పెట్టేశాను. ఈసారి నాది ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రావడం లేదు. కట్టాల్సిన పెట్టెలు రెండు. ఒకటి నాది. రెండోది ఎవరిదో చెప్పాలంటే ముందు నీళ్ళ సారు గురించి చెప్పాలి.

ఆయన అసలు పేరు సత్యనాథం. కృష్ణా జిల్లా మనిషి. రియాద్‌లో ఒక యూనివర్సిటీలో భూమి అడుగున ఉండే నీళ్ళ గురించి పాఠాలు చెప్పేవారు. తర్వాత కెనడా వెళ్ళి, అక్కడ ఒక రాష్ట్రంలో ఎన్నికల్లో గెలిచి శాసనసభలో కూర్చున్నారు. మన మాటలో ఎమ్మెల్యే. ఆయన గురించి అక్కడి పేపర్లు ఏం రాశాయో నాకు తెలియదు. నేను నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి, ఆయన డిపార్ట్‌మెంట్‌లో చాయ్ పోసినవాణ్ణి. చాయ్ పోసేవాడికి కనిపించిన సారునే నేను చెప్పగలను.

అక్కడ మమ్మల్ని అందరూ రఫీక్ అని పిలిచేవాళ్ళు. చీపురు పట్టినవాడు రఫీకే, బల్బు మార్చేవాడు రఫీకే. స్నేహితుడు అని దాని అర్థమట. పేరు అడిగే పని లేకుండా స్నేహం అయిపోతుందన్నమాట. సారు చేరిన మొదటి రోజు గ్లాసు బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను.

"ఆగవయ్యా. నీ పేరేంటి?" అన్నారు తెలుగులో. పొద్దున నేను వరండాలో ఎవరినో తిడుతుంటే విన్నారట.

"రాజు సార్."

"అది పిలుచుకునే పేరు. పూర్తిగా చెప్పు."

"బండారి రాజేశం. బాపు పేరు పోచయ్య. మాది జగిత్యాల దిక్కు సార్."

"బావుంది. ఇప్పుడు నా పేరు అడుగు."

నాకు నవ్వొచ్చింది. "మీ పేరు తలుపు మీదనే రాసి ఉంది గద సార్."

"చదివావా?"

"ఇంగిలీషు రాదు సార్."

"మరి అడగవయ్యా!"

అడిగాను. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఊరి పక్క కాలువ పేరుతో సహా చెప్పారు. ఆ రోజు నుంచి నన్ను రాజన్నా అనేవారు. నేను సారూ అనేవాణ్ణి. ఆ దేశంలో నా తండ్రి పేరు ఎరిగిన పెద్దమనిషి ఆయన ఒక్కరే.

శుక్రవారాలు కూరగాయలకని బతా వచ్చి, అటునుంచి మావాళ్ళ క్యాంపుకు వచ్చేవారు. జగిత్యాల, ఆర్మూరు దిక్కు నుంచి వచ్చి ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పైపులు వేసేవాళ్ళు, మట్టి తవ్వేవాళ్ళు ఆ క్యాంపులో రేకుల గదుల్లో ఉండేవాళ్ళు. సారు వచ్చి బకెట్ బోర్లించుకుని కూర్చుని ఒక్కొక్కరినీ అదే అడిగేవారు: పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు. నీళ్ళ గురించి కూడా చెప్పేవారు. మేము తాగే నీళ్ళు ఎప్పటివో, భూమి అడుగున ఎంత కాలంగా దాగి ఉన్నాయో చెబుతుంటే మావాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. నీళ్ళ సారు అన్న పేరు అప్పుడే పడింది.

ఆ పేరు పెట్టింది గంగారాం. మా పక్క ఊరివాడు, వరసకు తమ్ముడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఏడిపిస్తూ ఉండేవాడు. వాడి దగ్గర ఒక టేప్ రికార్డర్ ఉండేది. మాలో రాయడం వచ్చినవాళ్ళు తక్కువ. ఇంటికి చెప్పుకోవాల్సిందంతా క్యాసెట్‌లో మాట్లాడి, ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవాళ్ళం. ఇంటివాళ్ళు దాని మీదే తిరుగు మాట్లాడి పంపేవాళ్ళు. అందరికీ గంగారాం రికార్డరే దిక్కు. కువైట్ మీద ఇరాక్ పడ్డాక సారు భార్యనూ కూతురినీ విజయవాడ పంపించేశారు. ఒక శుక్రవారం ఆయన కూడా సరదాపడి, భార్యకు క్యాసెట్ పంపుతానని మైకు ముందు కూర్చుని ఇక్కడి పరిస్థితులు వివరించడం మొదలుపెట్టారు. గంగారాం టక్కున మీట నొక్కి ఆపేశాడు.

"ఏంది సారు గిది? పాఠం జెప్తున్నరా? ఇంట్ల మనిషితోని ఎవలన్న గిట్ల మాట్లాడ్తరా?"

"మరి ఎలా మాట్లాడమంటావు?"

"ముందుగాల తిన్నవా అని అడుగున్రి. అడిగి జరసేపు ఊకోన్రి. ఆమె ఆడ జవాబు జెప్పుకుంటది. అటెన్క మీ కత జెప్పుకోన్రి."

గది గదంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. తర్వాత మీట నొక్కి, "తిన్నావా?" అని, బుద్ధిగా ఆగారు. ఆ ఆగడంలో ఆయన కళ్ళు తడవడం చూసి మేమంతా నేల చూపులు చూశాం.

యుద్ధం దగ్గరికొచ్చేసరికి పోగలిగినవాళ్ళు పోయారు. మమ్మల్ని తెచ్చుకున్న యజమానిని ఖఫీల్ అంటారు. పాస్‌పోర్టులన్నీ ఖఫీల్ బీరువాలో ఉంటే మావాళ్ళు ఎటు పోతారు? విషవాయువు బాంబులు వేస్తారని పుకారు. యూనివర్సిటీలో పెద్దవాళ్ళకు మొహానికి తగిలించుకునే మాస్కులిచ్చారు. క్యాంపుకు ఏమీ రాలేదు. సారు తన మాస్కు డబ్బా విప్పకుండా అట్లాగే అలమరలో పెట్టేసి, శుక్రవారం ఒక సంచి నిండా టేపు చుట్టలు, ప్లాస్టిక్ షీట్లు కొనుక్కొచ్చారు. బకెట్ ఎక్కి నిలబడి తన చేత్తో ఒక కిటికీకి షీటు పరిచి, అంచుల వెంట టేపు అంటించి చూపించారు.

"సైరన్ కూసిందంటే తలుపు కూడా ఇలాగే. ఒక్క సందు ఉండకూడదు. విషం సందులోంచే వస్తుంది. అర్థమైందా?"

గదులన్నిట్లో చర్రు చర్రుమని టేపు లాగుతుంటే ఎక్కడో పెళ్ళికి గుడ్డలు చింపుతున్నట్టుంది. అందరికంటే పొందికగా గంగారాం అంటించాడు. గోరుతో అంచులు రుద్ది రుద్ది, సారును పిలిచి చూపించాడు.

"సూడున్రి సారు, చీమ గూడ రాదు."

"శభాష్," అన్నారు సారు. వాడి భుజం తట్టారు.

సైరన్లు మొదలయ్యాక ఒక్కడినే ఉండలేనని సారు నన్ను తన ఇంటికి రమ్మన్నారు. ఒక పొద్దున డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ వచ్చింది. చేసింది క్యాంపులో అందరికంటే పెద్దవాడైన మల్లేశం. గంగారాం తలుపు తీయడం లేదన్నాడు. వాడికి రెండు రోజులుగా జ్వరం, గదిలోవాళ్ళు రాత్రి డ్యూటీకి పోతే ఒక్కడే ఉన్నాడు. సారు కారులో వెళ్ళాం. మేము వెళ్ళేసరికి మల్లేశం, ఇంకొకడు కలిసి తలుపు గుంజుతున్నారు. లోపల వేసిన టేపు చర్రుమని ఊడింది.

రియాద్‌లో ఆ నెలల్లో ఎముకలు కొరికే చలి. జ్వరంతో వణుకుతున్న మనిషి ఒక రేకు డబ్బాలో బొగ్గులు పోసి కుంపటి చేసుకుని మంచం పక్కన పెట్టుకున్నాడు. సైరన్ కూయగానే తలుపు మూసి, చెప్పినట్టే చుట్టూ టేపు వేశాడు. నిండా చద్దరు కప్పుకుని పడుకున్నాడు. ఏ బాంబూ అటు రాలేదు, ఏ విషమూ బయటి నుంచి రాలేదు. జ్వరం తగ్గి నిద్రపోతున్నవాడి మొహంలా ఎర్రగా ఉంది వాడి మొహం. కుంపట్లో బూడిద.

సారు వాణ్ణి ముట్టుకున్నారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, టేపు అంచు వెంట వేలితో మొత్తం చుట్టూ రాసుకుంటూ వచ్చారు. ఎక్కడా సందు లేదు.

మల్లేశం ఏడుస్తున్నాడు. "మంచిగనే పెట్టిండు సారు. మీరు జెప్పినట్టే పెట్టిండు."

అతను మెప్పుగానే అన్నాడు. వాడు చెప్పిన మాట వినేవాడని చెప్పడం అతని ఉద్దేశం. సారు మాత్రం తల గోడకు ఆనించి, "కుంపటి సంగతి నేను అడగలేదు రాజన్నా," అన్నారు. "చలికి ఏం చేస్తారని ఒక్క మాట అడగలేదు."

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. శవాన్ని ఇంటికి పంపే ఏర్పాటు చూద్దామని సారు కూర్చుంటే మల్లేశం వచ్చి నేల మీద చతికిలబడ్డాడు. గంగారాం గంగారాంగా సౌదీ రాలేదు. ఆ రోజుల్లో మా దిక్కున అది మామూలే: పాస్‌పోర్టు వచ్చినవాడికి పోవాలని లేకపోతే ఏజెంటుకు అమ్మేవాడు, ఏజెంటు ఫొటో మార్చి ఇంకొకణ్ణి పంపేవాడు. గంగారాం వచ్చింది నర్సయ్య అనేవాడి పాస్‌పోర్టు మీద. కంపెనీలో వాడు నర్సయ్య. ఆస్పత్రి శవాల గదిలోనూ నర్సయ్యే.

"మరి నేను అడిగినప్పుడు గంగారాం అన్నాడే?" అన్నారు సారు.

"మీరు బాపు పేరు గూడ అడిగిండ్రు గద సారు. బాపు పేరు అడిగినోనికి అబద్ధమెట్ల చెప్తం?" అన్నాడు మల్లేశం. తలుపు వైపు చూసి, "మా లోపట శానమంది కత గిదే. మీరు ఆఫీసుల నిజం జెప్తే మమ్ముల గూడ గుంజుతరేమో," అన్నాడు.

మిగతావాళ్ళ ఊసెత్తనని సారు మాటిచ్చారు. గంగారాం సంగతి ఒక్కటే చెబుతానన్నారు. చనిపోయినవాళ్ళ కాగితాలు చూసే ఆఫీసుకు నన్ను వెంటబెట్టుకుని పోయారు. అక్కడ కూర్చున్నది మన దేశం మనిషే. మర్యాదగా విన్నాడు. ఫైలు తిప్పాడు.

"ప్రొఫెసర్ సాబ్, గంగారాం అనే మనిషి ఈ దేశంలోకి రాలేదు. రానివాడు ఇక్కడ ఎట్లా చనిపోతాడు?"

"నేను వాణ్ణి ఎరుగుదును. నా కళ్ళముందు—"

"మీరు ఎరుగుదురు. కాగితం ఎరగదు."

ఆఫీసు వాళ్ళ కబురు ఊళ్ళో నర్సయ్య ఇంటికి పోయింది. పాస్‌పోర్టు అమ్ముకున్నట్టు బయటపడితే జైలని వాళ్ళు వణికిపోయారు. చచ్చింది మావాడే, అక్కడే పూడ్చండి అని సంతకం పెట్టేశారు. ఆ సంతకంతో అంతా అయిపోయింది. నగరం బయట, వేరే మతాలవాళ్ళను పాతిపెట్టే చోట గంగారాంను నర్సయ్యగా పూడ్చారు. మున్సిపాలిటీ మనుషులు మట్టి లాగుతుంటే సారు ముందుకెళ్ళి గట్టిగా, పాఠం చెప్పే గొంతుతో అన్నారు: "బొల్లి గంగారాం. తండ్రి ఎల్లయ్య. ఊరు మల్లన్నపేట." మట్టి లాగేవాళ్ళు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగారు.

ఊళ్ళో గంగారాం భార్య లచ్చవ్వ. వాడి రికార్డర్, చద్దరు, బట్టలు పంపుతామంటే వద్దంది. ఆమె క్యాసెట్ ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "సామాను ఆయనతోనే రావాలె అన్నా. ఉత్త సామాను నాకెందుకు? కాయితం పంపున్రి ముందు. ఊరేమో మొగడు సచ్చినదంటది. సర్కారేమో మొగడున్నదంటది. భూమి ఆయన పేరు మీద, రేషన్ కార్డు ఆయన పేరు మీద. నేనెవలను అన్నా, జర సారును అడిగి చెప్పున్రి."

సారు అదే క్యాసెట్ వెనుక వైపు తిరుగు మాట్లాడారు. తిన్నావా అమ్మా, అని అడిగి ఆగారు. ఆ తర్వాత, "గంగారాం పేరు మీద కాగితం నేను తెస్తాను," అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆ ఆఫీసులో అంత గట్టిగా మాట్లాడటం ఎవరికి నచ్చలేదో తెలియదు కానీ, ఆ వేసవిలో యూనివర్సిటీ ఆయన్ని కొనసాగించలేదు. కెనడాకు పోయే ఏర్పాటు చేసుకున్నారు. పెట్టెలు నేనే కట్టాను. టేపు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. అన్నీ తాడుతోనే కట్టాను.

కెనడా నుంచి క్యాసెట్లు వచ్చేవి. అంతకుముందు ఎంత చదివినా అక్కడ లెక్కలోకి రాదట. మొదట్లో ఒక చిన్న కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పారు. పొలాల్లో కూలికి వేరే దేశాల నుంచి తెచ్చుకున్న మనుషులు అక్కడా ఉన్నారని, వాళ్ళ పాస్‌పోర్టులూ యజమాని బీరువాలోనే ఉంటాయని చెప్పారు. వాళ్ళ గుడిసెలకు పోయేవారట. పోయి మొదట ఏం అడిగేవారో నాకు వేరే చెప్పక్కర్లేదు. ఆ తిరుగుడే ఆయన్ని ఎన్నికల దాకా తీసుకెళ్ళింది.

"ఇక్కడ ఓటు కోసం ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టాలి రాజన్నా, మోకాలి లోతు మంచులో," అని ఒక క్యాసెట్‌లో చెప్పారు. "మొదట్లో నిలబడి నా విధానాలు వివరించేవాణ్ణి. పాపం, చలిగాలి లోపలికొస్తుందని తలుపు వేసుకునేవాళ్ళు. ఒకరోజు గంగారాం తిట్టింది గుర్తొచ్చింది. అప్పటినుంచి ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటున్నాను. వాళ్ళే మాట్లాడుతున్నారు. లోపలికి రమ్మంటున్నారు కూడా."

గెలిచారు. ఆ కబురు వచ్చిన శుక్రవారం బతాలో దేగిసా నిండా బిర్యానీ వండాం. కెనడా ఎమ్మెల్యే పెద్దనా, మన ఎమ్మెల్యే పెద్దనా అని వాదన పడింది. మల్లేశం తేల్చేశాడు. "మన ఎమ్మెల్యే రాసిస్తేనే బస్సు ఆగని ఊర్ల బస్సు ఆగుతది. గదేమో కెనడా! సారు ఒక్క ముక్క రాస్తే గంగారాం కాయితం ఉరికొస్తది." నేనూ నమ్మాను. ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుపోతే జరగని పని మేము పుట్టి పెరిగిన చోట లేదు మరి.

కొన్నాళ్ళకు ఆయన సభలో మొదటిసారి మాట్లాడిన మాటల క్యాసెట్ వచ్చింది. గదిలో పాతిక మంది కూర్చున్నాం. అంతా ఇంగ్లీషు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా ఎవరూ కదల్లేదు. మధ్యలో ఉన్నట్టుండి సారు గొంతు మారింది. "బొల్లి గంగారాం. తండ్రి ఎల్లయ్య. ఊరు మల్లన్నపేట." తెలుగులోనే, ఒక్కొక్క మాటా విడిగా. ఆ వెంటనే దబదబమని బల్లలు చరిచిన చప్పుడు. మల్లేశం లేచి రికార్డర్‌కు దండం పెట్టాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాం. ఎన్నిసార్లు తిప్పామో, చివరికి టేపు అరిగి ఆ చోట గొంతు కాస్త వణకడం మొదలుపెట్టింది. దాన్నుంచి ఇంకొకటి రికార్డు చేసి లచ్చవ్వకు పంపాం.

మేము చేసిన పొరపాటు అదే. ఒక సర్కారు సభలో పేరు పలికాక అది సర్కారు మాట అయినట్టే అనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకుంది. తర్వాత ఆమె పంపిన క్యాసెట్ విన్నప్పుడు గదిలో ఎవరూ ఎవరి మొహం చూడలేదు.

"పక్కింటోల్ల టేప్ రికార్డర్ గంపల వెట్టుకోని మండల్ ఆఫీసుకు పోయిన అన్నా. సార్ల బల్ల మీద వెట్టి ఇనిపిచ్చిన. మా ఆయన పేరు రాంగనే అందరు సప్పుడు జేయకుంట ఇన్నరు. నాకు పానం లేసొచ్చింది. అటెన్క పెద్దసారు అడిగిండు, ఇది ఏ సర్కారమ్మా అని. కెనడా అన్న. నీ మొగడు పోయింది సౌదీ, నువ్వుండేది ఈడ, నడుమల కెనడా ఎందుకొచ్చె అన్నడు. అందరు నవ్విండ్రు. నాకు జెప్పరాలె. మల్ల గంప నెత్తిన వెట్టుకోని వచ్చిన."

సారుకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, చెప్పాను. ఆయన జవాబు రావడానికి నెలలు పట్టింది. క్యాసెట్ పెడితే, "రాజన్నా, తిన్నావా?" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత టేపు తిరుగుతూనే ఉంది. ఊపిరి వినిపిస్తోంది, మాట లేదు. చాలాసేపటికి, "ఆమెకు ఏం చెప్పమంటావయ్యా?" అన్నారు. అంతే.

ఆయన ఊరుకోలేదు. కనపడిన ఆఫీసుకల్లా రాశారు. ఇది మా పరిధి కాదు అన్న జవాబులే వచ్చాయి. కనీసం తన రాష్ట్రంలోనైనా కూలివాళ్ళ పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదని చట్టం పెట్టబోయారు. అది ఓట్లకు కూడా రాకుండానే మూలపడిందట. మీ పాత దేశాల కథలు ఇక్కడికెందుకు అన్నది ఆయన పార్టీవాళ్ళేనట.

తర్వాత ఒక ఏడాది ఆయనే రియాద్ వచ్చారు. ఆ రాష్ట్రం నుంచి వ్యాపార ఒప్పందాల కోసం ఒక మంత్రితో కొందరు పెద్దలు వచ్చారు. ఈ దేశం ఎరిగినవాడని సారును కలుపుకున్నారు. ఫోన్‌లో ఆయన గొంతు పాతరోజుల్లోలా ఉంది. "రేపు మధ్యాహ్నం విందుకు గంగారాం పనిచేసిన కంపెనీ యజమాని వస్తున్నాడు. నర్సయ్య పేరు మీద మా దగ్గర పనిచేసింది ఫలానా గంగారాం అని అతను ఒక్క ముక్క రాసిస్తే చాలు, మిగతాది నేను నడుపుతాను. అడుగుతాను రాజన్నా. అందుకే వచ్చాను."

నేను సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని హోటల్ ఎదురుగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఎండ. లోపలికి పోయే పెద్ద పెద్ద కార్లు చూస్తూ, లచ్చవ్వకు ఫోన్‌లో ఈ మాట ఎట్లా చెప్పాలా అని మనసులోనే అనుకుంటున్నాను. చాలాసేపటికి సారు బయటికొచ్చారు. సూటు, టై, తెల్లబడిన తల. నన్ను చూసి గబగబా రాలేదు. నడిచి వచ్చారు.

"అడగలేదయ్యా," అన్నారు.

నీడలోకి రమ్మని నేను పక్కకు జరిగాను.

"లేచాను. గ్లాసు పక్కన పెట్టి లేచాను. ఆ పేరు నోటి చివర ఉంది. మా మంత్రి నా మోచేతి మీద చెయ్యి వేశాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఒప్పందం ఇంకా సంతకం కాలేదు కదా. నేను కూర్చున్నాను. మంత్రే మాట వేరేదాని మీదికి మళ్ళించాడు." చెయ్యి చాపి మోచేయి చూపించారు, అక్కడ దెబ్బ తగిలినట్టు. "అక్కడ ఆ సభలో చదివితే బల్లలు చరిచారు రాజన్నా. అక్కడ చదివితే ఎవరికీ పోయేదేమీ లేదు. చెప్పాల్సిన చోటు ఇది."

"మల్ల కలిసినప్పుడు అడుగున్రి సారు," అన్నాను. మళ్ళీ కలవరని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం లోపు శ్మశానానికి పోయాం. కాపలావాడు లోపలికి రానిచ్చాడు. ఎక్కడ చూసినా ఒకేలాంటి మట్టి దిబ్బలు, గాలికి సగం చదునైపోయి. ఏది మనదో గుర్తుపట్టలేకపోయాం. కాపలావాడు ఏ పేరు అని అడిగాడు. సారు నోరు తెరిచి, నా వైపు చూశారు. గంగారాం అంటే వాడి పుస్తకంలో ఉండదు. నర్సయ్య అనడానికి ఆయనకు నోరు రాలేదు. తిరిగి వచ్చేశాం. కారులో కూర్చున్నాక నా చెయ్యి పట్టుకుని, హోటల్ దాకా వదల్లేదు.

ఆ తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. ఓడిపోయారన్న కబురు కూడా వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. ఆయన నుంచి క్యాసెట్లు ఆగిపోయాయి. లోకంలో క్యాసెట్లే ఆగిపోయాయి. కొన్నేళ్ళకు ఒకరోజు ఆయన కూతురు ఎక్కడో నా నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేసింది. నాన్న పోయారండీ అంది. ఆ దేశంలో చలికాలం వస్తే అందరూ కిటికీలకు ప్లాస్టిక్ పొర అంటించి చుట్టూ టేపు వేస్తారట. సారు ఒక్క ఏడాది కూడా వేయనివ్వలేదట. అంత చలిలోనూ తను పడుకునే గది కిటికీ వేలెడు తెరిచి ఉంచేవారట. "అమ్మ పోట్లాడేది. ఎందుకని అడిగితే ఎప్పుడూ చెప్పలేదు. మీకేమైనా తెలుసా అంకుల్?" అంది. తెలుసమ్మా అన్నాను. ఇంకోసారి చెబుతానన్నాను. ఇంతవరకూ చెప్పలేదు. ఆ అమ్మాయి ఇది చదవగలిగితే, నేను బాకీ ఉన్న జవాబు ఇదే అనుకోమనండి.

మల్లేశం పోయాడు. ఆ రేకుల క్యాంపు ఉన్నచోట ఇప్పుడు షోరూములు. నేను ఎన్నో పనులు మారి చివరికి బతాలో ఒక మెస్‌లో వంట చేస్తూ ఉండిపోయాను. కొత్తగా వచ్చిన ప్రతివాణ్ణీ, గిన్నెలో అన్నం పెట్టేముందు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు అడుగుతాను. ఈ ముసలాయన వివరాలు తీసుకుంటున్నాడని పిల్లలు నవ్వుతారు. చెబుతారు, మరిచిపోను. దానివల్ల ఎవరికైనా ఏమైనా ఒరిగిందా అంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాకు ఎగ్జిట్ పడిందని తెలిసి లచ్చవ్వ మొన్న ఫోన్ చేసింది. ముసలిదైపోయింది, మాట ఆగి ఆగి వస్తోంది. ఇప్పటికీ సర్వేవాళ్ళు వచ్చి మీ ఇంటాయన ఎక్కడమ్మా అని అడిగితే, సౌదీల ఉన్నడు అంటుందట. వాళ్ళు అదే రాసుకుని పోతారట.

"నువ్వు గూడ వచ్చేస్తె ఆడ ఆయన్ని ఎరిగినోల్లు ఎవలున్నరన్నా?"

"ఎవలు లేరు చెల్లె."

ఫోన్ పోయిందేమో అనుకున్నాను.

"అయితె ఇగ సామాను తెచ్చెయ్యి," అంది.

ముప్పై ఏళ్ళుగా ఆయనతోనే రావాలన్న మనిషి ఆ మాట అన్నది. రెండో పెట్టె అదే. గది మారిన ప్రతిసారీ నా మంచం కింద మారుతూ వచ్చిన చద్దరు, రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను, మీటలు ఊడిన రికార్డర్, సారు గొంతు వణికే ఆ క్యాసెట్. అన్నీ సర్దాను. టేపు వేయలేదు. సారు పెట్టెలకు కట్టినట్టే తాడు వేసి ముడి బిగించాను. మార్కర్ తీసుకుని, నాకు వచ్చిన నాలుగో తరగతి అక్షరాలతో, పెట్టె పైన ఆ చివర నుంచి ఈ చివర దాకా రాశాను. బొల్లి గంగారాం. తండ్రి ఎల్లయ్య. ఊరు మల్లన్నపేట.

రేపు విమానాశ్రయంలో దాన్ని తూకం వేస్తారు, చీటీ అంటిస్తారు, బెల్టు మీద లోపలికి పంపిస్తారు. ఎవరూ ఆపరు, ఎవరూ ఏమీ అడగరు. పెట్టె మీద పేరు ఎవరిదైతే వాళ్ళకేం?